రిపోర్టులో 48, లెక్కలో 44: ఏసీ గార్డ్స్ నుంచి వచ్చిన ఒక కిడ్నీ కేసు

ఆయన నా క్లినిక్‌కి వచ్చింది కిడ్నీ గురించి కాదు, భుజం నొప్పికి. రాత్రి 8 దాటింది. ఆటో బయట పెట్టి, పాలిథిన్ కవర్లో మడిచిన కాగితాలు పట్టుకుని లోపలికి వచ్చాడు. "మేడమ్, జర గట్టి నొప్పి గోళీ రాయండి. ఇప్పుడు ఏసుకునేది పనిచేస్తలేదు" అన్నాడు. ఎవరొచ్చినా ముందు బీపీ చూడటం నాకు అలవాటు. 182/112 ఉంది. రెండో చేతికి 178/110. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి చూసినా పెద్ద తేడా రాలేదు.

వయసు 46. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ బస్తీలో పుట్టి పెరిగిన సిద్దీ, అంటే తరాల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ వంశం. పగలు ఆటో, పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి బరాత్‌ల ముందు మర్ఫా డోలు వాయిస్తాడు. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను, వైద్యానికి సంబంధించిన అంకెలు మాత్రం మార్చలేదు.

కవర్లో మూడు నెలల కిందటి ఓపీ చీటీ ఒకటి దొరికింది. ఒక ఆసుపత్రిలో చూపించుకున్నప్పటిది. క్రియాటినిన్, అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో 1.9. పక్కన కిడ్నీ పనితీరు చెప్పే అంకె ఈజీఎఫ్‌ఆర్ 48 అని పెన్నుతో రాసి, ఆరు నెలలకు మళ్ళీ రమ్మన్నారు. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు ఒక్కటే మందు. మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించలేదు. ఇంకేం గోళీలు వాడుతున్నావని అడిగినట్టు ఎక్కడా లేదు. అడుగున ఒక వాక్యం ఉంది: ఆఫ్రికన్ మూలం, బీపీ వంశపారంపర్యం.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేనూ కార్డులో 'కారణం' అన్న చోట 'వంశపారంపర్యం' అనే రాశాను. ఆయన తండ్రి 51 ఏళ్ళకే పక్షవాతంతో పోయాడు. "మా ఖాన్‌దాన్‌ల అందరికీ బీపీనే మేడమ్" అని ఆయనే అన్నాడు. రింగుల జుట్టు, ఆ రూపం చూశాక నేనూ అదే అనుకున్నాను. బీపీ గోళీలు మార్చి, రక్తం, మూత్రం పరీక్షలకు రాసి పంపాను. ఆయన వెళ్ళాక చీటీ మళ్ళీ చూస్తుంటే ఆ 48 దగ్గర ఆగిపోయాను. నేను లెక్క వేస్తే 44 వస్తోంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో కాస్త వివరంగా చెప్పాలి. కిడ్నీ నిమిషానికి ఎంత రక్తాన్ని వడకడుతుందో నేరుగా కొలవడం కష్టం. అందుకని రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసు, ఆడా మగా అన్నది కలిపి సూత్రంతో లెక్క కడతాం. అదే ఈజీఎఫ్‌ఆర్. అది ఎంత తక్కువైతే కిడ్నీ అంత దెబ్బతిన్నట్టు. 2009లో అమెరికాలో వచ్చిన సూత్రంలో ఇంకో ప్రశ్న కూడా ఉండేది: మనిషి నల్లజాతివాడా? అవునంటే వచ్చిన ఫలితాన్ని 1.159తో గుణించాలి, అంటే దాదాపు 16 శాతం ఎక్కువ చూపించాలి. నల్లవాళ్ళుగా నమోదైనవారిలో కిడ్నీ ఒకే స్థాయిలో పనిచేస్తున్నా క్రియాటినిన్ కొంచెం ఎక్కువ కనిపించిందని, వాళ్ళ కండ ఎక్కువ కాబట్టి అలా ఉంటుందని కారణం చెప్పారు. ఆ కండ మాటకు గట్టి రుజువు లేదు. అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీ కలిసి వేసిన కమిటీ 2021లో ఆ ప్రశ్నే లేని కొత్త సూత్రాన్ని వాడమని చెప్పింది.

ఈయనకు పాత సూత్రంతో, ఆ ప్రశ్నకు 'కాదు' అని నొక్కితే 41 వస్తుంది. 'అవును' అంటే 48. కొత్త సూత్రంతో 44. ఏం జరిగి ఉంటుందో అర్థమైంది. ఎవరో ఫోన్‌లో పాత యాప్ తెరిచి, ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూసి 'అవును' నొక్కారు. కిడ్నీ జబ్బు దశల్లో 45 దగ్గర ఒక గీత ఉంది. దానికి పైన 3ఎ, కింద 3బి. అలా ఒక్క నొక్కుతో ఆయన 3ఎలో పడ్డాడు, ఆరు నెలలు ఆగవచ్చని చీటీ మీదకెక్కింది.

ఈ గుణకారంతో అమెరికాలో జరిగిన నష్టం చిన్నది కాదు. అక్కడ కిడ్నీ మార్పిడి వరుసలో పేరు ఎక్కి, నిరీక్షణ కాలం మొదలవ్వాలంటే ఈజీఎఫ్‌ఆర్ 20 లేదా అంతకన్నా తక్కువకు రావాలి, లేదంటే డయాలసిస్ మొదలవ్వాలి. నల్లజాతి రోగులకు అంకె ఎక్కువ చూపించడంతో వాళ్ళు ఆ వరుసలోకి ఆలస్యంగా చేరారు. 2023లో అక్కడి అవయవ మార్పిడి వ్యవస్థ, అలా నష్టపోయినవారి నిరీక్షణ కాలాన్ని వెనక్కి జరిపి సరిచేయాలని ఆసుపత్రులను ఆదేశించింది. అందాకా ఎదురుచూస్తూనే పోయినవాళ్ళకు ఆ సవరణ వల్ల ఒరిగిందేమీ లేదు.

వారం తర్వాత భార్యాభర్తలిద్దరూ వచ్చారు. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి 640. 30 దాటితేనే గమనించాలి, 300 దాటితే తీవ్రమని లెక్క. క్రియాటినిన్ అదే 1.9. అంటే మూడు నెలలుగా కిడ్నీ ఇలాగే ఉంది, ఒక్కరోజులో వచ్చింది కాదు. షుగర్ లేదు. స్కానింగ్‌లో కిడ్నీలు రెండూ 9 సెంటీమీటర్ల దగ్గర, కొంచెం చిన్నవి. ఈసీజీలో గుండె ఎడమ గది గోడ మందమైన ఛాయలు. కంటి వెనక రక్తనాళాల్లో కూడా బీపీ గుర్తులు కనిపించాయి. ఇదంతా ఏళ్ళ తరబడి సాగిన వ్యవహారం.

ఇంట్లో ఉన్న గోళీలన్నీ తెమ్మని చెప్పాను. ఆమె పాత బిస్కెట్ డబ్బా ఒకటి తెచ్చి నా బల్ల మీద వంచింది. జలజలా పడ్డాయి, అన్నీ ఖాళీ స్ట్రిప్పులే. బీపీ గోళీలవి నాలుగు. మిగతా 31 డైక్లోఫినాక్ కలిసిన నొప్పి గోళీలవి. ఆమె పారేయకుండా దాచింది, ఎందుకంటే మెడికల్ షాపులో ఆ రేకు చూపిస్తేనే అదే గోళీ ఇస్తారట. రోజుకు రెండు, పెళ్ళిళ్ళ సీజన్‌లో మూడు, నాలుగేళ్ళుగా. చీటీ ఎవరూ అడగలేదు. నేను ఆయన చొక్కా కాలర్ పక్కకు జరిపి భుజం చూశాను. మర్ఫా తాడు పడే చోట రెండు వేళ్ళ వెడల్పున చర్మం కాయకాసి, నల్లగా గీతలా ఉంది. నొప్పి అక్కడి నుంచే మొదలు.

"నీళ్ళు ఎన్ని తాగుతారు అన్నా?" అని అడిగాను.

"పొద్దుగాల రెండు గ్లాసులు. మధ్యల చాయ్. మళ్ళ రాత్రి ఇంటికి పోయినంకనే."

"ఎండాకాలంలో కూడానా?"

"తాగితే ఒంటికి పోవాలె గదా మేడమ్. ఆటో ఏడ ఆపాలె? ఆపితే చలాన్ రాస్తరు."

మే నెల ఎండలో పది గంటలు, వేడెక్కిన రేకు కప్పు కింద, నీళ్ళు లేకుండా, ఒంట్లో డైక్లోఫినాక్‌తో. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనకు రక్తం తగ్గకుండా లోపలి రక్తనాళాలను తెరిచి ఉంచుకుంటుంది. ఆ పని చేసే రసాయనాలనే నొప్పి గోళీ అడ్డుకుంటుంది. పైన 180 బీపీ. వీటి ముందు వంశం సంగతి నాకు మొదటిసారి చిన్నదిగా కనిపించింది.

బీపీ గోళీలు నాలుగు స్ట్రిప్పులే ఎందుకు? బస్తీ దవాఖానాలో బీపీ మందులు ఉచితమే. కానీ అది సాయంత్రానికి మూసేస్తారు. ఆయన పొద్దున బడిపిల్లలను దింపాలి, మధ్యాహ్నం తీసుకురావాలి, మిగతా గంటల్లో ఆటో కిస్తీ సంపాదించాలి. దవాఖానా వరుసలో నిలబడిన రోజు ఆ రోజు కిస్తీ పోయినట్టే. అందుకని తల బరువెక్కినప్పుడే బీపీ గోళీ కొనేవాడు. మనం కేస్ షీట్లో దీన్ని 'మందులు సరిగా వాడటం లేదు' అని ఒక్క ముక్కలో రాసేస్తాం. నేనూ ఎన్నోసార్లు అలాగే రాశాను. ఆ ముక్కలో కిస్తీ లేదు, దవాఖానా వేళలు లేవు.

ఇంకో సంగతి ఆయన చెప్పలేదు, ఆమె చెప్పింది. రాత్రిపూట పోలీసులు ఆటో ఆపి పాస్‌పోర్ట్ అడుగుతారట. "మాది ఏసీ గార్డ్సే సాబ్ అంటే నమ్మరు. ఆధార్ చూపించాలె. తెలుగుల మాట్లాడితే నవ్వుతరు" అని ఆమె చెబుతుంటే ఆయన కిందికి చూస్తూ కూర్చున్నాడు. "అట్ల అయిన రాత్రి ఈయన పండుకోడు డాక్టరమ్మా, తెల్లారిందాక గట్లనే కూసుంటడు." నాలుగు తరాలుగా ఈ ఊళ్ళోనే ఉన్న మనిషిని ఏ దేశమని అడగడం బయటివాళ్ళకు చిన్న మాటగా అనిపించవచ్చు. అమెరికాలో ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. రోజూ ఇలాంటి ఒత్తిడి మోసే శరీరం వయసుకు ముందే అరిగిపోతుందని ఆమె వాదన. రాళ్ళూ గోడలూ ఎండకూ వానకూ అరిగిపోతాయే, దానికి వాడే మాటనే ఆమె ఇంగ్లీషులో దీనికీ వాడారు. ఈయన బీపీ రాత్రి ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి 24 గంటల మెషీన్ పెట్టాను. ఆరోగ్యవంతుల్లో నిద్రలో బీపీ పది శాతమైనా దిగుతుంది. ఈయనకు దిగలేదు. నిద్ర కూడా నాలుగైదు గంటలే.

ఏసీ గార్డ్స్ పేరులోని ఏసీకి విస్తరణ ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం రాజా దగ్గర ఆఫ్రికా నుంచి వచ్చిన రక్షక దళం ఉండేది. అది తర్వాత నిజాం కొలువులోకి చేరింది. ఆ గుర్రపు దళం ఉన్న చోటే మాసాబ్ ట్యాంక్ దగ్గరి ఈ బస్తీ. హబ్సిగూడ పేరులోనూ ఈ హబ్షీలే, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళే ఉన్నారు. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ సంస్థానం ఇండియన్ యూనియన్‌లో కలిశాక నిజాం దళాలు రద్దయ్యాయి. నెల జీతం పోయింది. గుర్రం నడపడం, కవాతు చేయడం తప్ప ఇంకో పని నేర్చుకోని కుటుంబాలు ఒక్కసారిగా కూలిలోకి, చిన్నాచితకా కొలువుల్లోకి వచ్చి పడ్డాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం వర్గాల కోసం వచ్చిన బీసీ-ఇ జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లున్నాయి. కానీ ఈలోగా దాదాపు అరవై ఏళ్ళు గడిచిపోయాయి.

ఈయన కుటుంబ వృక్షం కాగితం మీద గీసుకున్నాను. తాత ఆ దళంలో సిపాయి. 80 దాటి బతికాడు, చివరిదాకా కర్ర లేకుండా నడిచాడని ఈయనకు గుర్తు. తండ్రి దళం రద్దయ్యే రోజుల్లో పుట్టి, గోదాముల్లో బస్తాలు మోసి, తాత పోయిన మూడేళ్ళకే 51కి పోయాడు. మూడో తరం 46కే 3బిలో ఉంది. ఆఫ్రికా మూలం అందరికన్నా ఎక్కువ ఉన్నది తాతలో. జబ్బు ఆయనకే ముందు రావాలి కదా? ఒక్క ఇంటి కథతో ఏదీ రుజువు కాదు. కానీ నేను కార్డులో రాసిన 'వంశపారంపర్యం' అన్న మాట ఈ కాగితం ముందు నిలబడలేదు.

జన్యువులకు ఇందులో పాత్రే లేదని నేను అనను. అపోఎల్1 అనే జన్యువులో రెండు రూపాలు కిడ్నీ జబ్బు ముప్పు పెంచుతాయని 2010లో తేలింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఆ ముప్పు బాగా పెరుగుతుంది. నిద్రజబ్బు క్రిమి నుంచి కాపాడే గుణం వల్ల అవి పశ్చిమ ఆఫ్రికాలో బాగా వ్యాపించాయి. అదే ఆఫ్రికాలోని ఇథియోపియాలో దాదాపు కనిపించవు. మన సిద్దీల్లో ప్రధానంగా తూర్పు ఆఫ్రికా వైపు మూలాలు, వాటితో కలిసిపోయిన భారతీయ మూలాలు ఉన్నాయి. అంత పెద్ద ఖండాన్ని 'ఆఫ్రికన్' అన్న ఒక్క మాటలో కుదించి చీటీ మీద రాస్తే జన్యుశాస్త్రం ప్రకారం కూడా అది తప్పే. ఈయనకు ఆ పరీక్ష చేయించలేదు. ఫలితం ఏదైనా ఇవ్వాల్సిన మందు మారదు.

బీపీ సంగతిలో నన్ను బాగా ఆలోచింపజేసినవి అమెరికా పరిశోధకుడు రిచర్డ్ కూపర్ బృందం లెక్కలు. 1997లో వచ్చిన ఆ అధ్యయనంలో, పశ్చిమ ఆఫ్రికాలోని నల్లవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళు 16 శాతం, అదే మూలం ఉన్న కరీబియన్ దీవుల వాళ్ళలో 26, షికాగో పక్క ఊళ్ళోని నల్లవాళ్ళలో 33. సముద్రం దాటిన కొద్దీ, బానిసత్వం తర్వాతి బతుకులోకి వెళ్ళిన కొద్దీ అంకె పెరిగింది. అదే బృందం 2005లో ప్రచురించిన పోలికలో జర్మనీలోని తెల్లవాళ్ళలో బీపీ, అమెరికా నల్లవాళ్ళ కన్నా ఎక్కువ తేలింది. రంగే కారణమైతే ఇలా రాకూడదు.

అమెరికాలో ఈ చర్చకు నూరేళ్ళు దాటింది. నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ ఫిలడెల్ఫియా నల్లవాడలో ఇల్లిల్లూ తిరిగి, 1899లోనే అచ్చయిన పుస్తకంలో చావులు ఎక్కువ కావడానికి ఇరుకు ఇళ్ళు, మురుగు, పేదరికం వైపు చూపించాడు. 1930ల్లో ఇంటి అప్పుల కోసం గీసిన మ్యాపుల్లో నల్లవాళ్ళ పేటలకు ఎర్ర రంగు వేశారు. అక్కడ బ్యాంకులు అప్పివ్వలేదు, ఇల్లూ ఆస్తీ పెరగలేదు. 1985 నాటి హెక్లర్ నివేదిక మైనారిటీల్లో ఏటా దాదాపు 60 వేల మరణాలు అదనంగా జరుగుతున్నాయని లెక్క చెప్పింది. 2019లో కూడా అక్కడ తెల్లవాళ్ళ సగటు ఆయుర్దాయం 78.8, నల్లవాళ్ళది 74.8. జనాభాలో 13 శాతం ఉన్నవాళ్ళు డయాలసిస్ రోగుల్లో దాదాపు మూడోవంతు ఉన్నారు. ఈ అంకెలు అమెరికావి, వీటిని ఏసీ గార్డ్స్‌కు అతికించడం సరికాదు. ఇక్కడి బస్తీకి ఇక్కడే లెక్క తీయాలి. నా పాతికేళ్ళ ప్రాక్టీసులో అలా ఇల్లిల్లూ తిరిగి తీసిన లెక్క నా కంట పడలేదు, అది నన్ను బాధపెడుతుంది.

ఇక వైద్యం. డైక్లోఫినాక్ పూర్తిగా ఆపించాను. నొప్పికి పారాసెటమాల్, భుజానికి ఫిజియోథెరపీ వ్యాయామాలు. బీపీ తగ్గిస్తూ కిడ్నీనీ కాపాడే టెల్మిసార్టాన్ 40 మొదలుపెట్టి, ఆమ్లోడిపిన్ 10కి పెంచాను. నల్లజాతివారికి టెల్మిసార్టాన్ రకం మందు పనిచేయదని ఒక జూనియర్ ఫోన్‌లో నాతో వాదించాడు. అతను సగం గుర్తుపెట్టుకున్నాడు. 2014 నాటి అమెరికా బీపీ మార్గదర్శకాల్లో నల్లవాళ్ళకు మొదటి మందుగా వేరే రకాలు చెప్పిన మాట నిజమే. కానీ కిడ్నీ జబ్బు ఉంటే ఏ జాతివారికైనా ఈ కోవ మందు ఉండాలని అదే కాగితంలో ఉంది. మొదటి చీటీలో ఈ మందు లేకపోవడానికీ ఈ సగం జ్ఞాపకమే కారణమై ఉండవచ్చు.

రెండు వారాలకు క్రియాటినిన్ 2.1 అయింది. పొటాషియం 4.9, హద్దులోనే ఉంది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ మందు మొదలుపెట్టాక 30 శాతం లోపు పెరుగుదల ఊహించినదేనని, భయపడి ఆపితే నష్టమని కూర్చోబెట్టి చెప్పాను. చాలాచోట్ల ఇక్కడే మందు ఆపేస్తారు. మూడో నెలలో డాపాగ్లిఫ్లోజిన్ 10 కలిపాను. ఇది షుగర్‌కు వచ్చిన మందు, షుగర్ లేకున్నా కిడ్నీ రక్షణకు వాడతాం. నెఫ్రాలజిస్ట్‌కు చూపించాం, ఆయనా ఇదే కొనసాగించమన్నారు.

మందులకన్నా కష్టమైనవి మిగతావి. నేను సోమ, గురువారాలు రాత్రి 9:30 దాకా క్లినిక్ తెరిచి ఉంచుతున్నాను. బస్తీ దవాఖానా డాక్టర్‌తో మాట్లాడితే, భార్య వెళ్ళి నెలకు సరిపడా మందులు ఒకేసారి తెచ్చుకునేందుకు ఒప్పుకున్నారు. ఆటోలో రెండు లీటర్ల సీసా పెట్టించాం. ఆగడానికి వీలున్న పెట్రోల్ బంకులు, టాయిలెట్లు ఉన్న చోట్లు ఆయన రూట్లో ఐదు గుర్తించి కాగితం మీద రాసుకున్నాం. మర్ఫా తాడుకు ఆమె పాత శాలువా మడతపెట్టి కుట్టింది. ఊరగాయ, అప్పడాలు తగ్గించారు. పోలీసుల సంగతిలో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆరు నెలలకు బీపీ 136/84. ఆల్బుమిన్ నిష్పత్తి 210కి దిగింది. క్రియాటినిన్ 1.7, కొత్త సూత్రంతో 50. ఇందులో నొప్పి గోళీ ఆపడం వల్ల వచ్చింది ఎంత, మందుల వల్ల వచ్చింది ఎంత అని విడదీయలేను. మచ్చపడిన కిడ్నీ భాగం మళ్ళీ బాగుపడదు. మిగిలినదాన్ని కాపాడుకోవడమే ఉంది.

మొన్న పెళ్ళిళ్ళ సీజన్‌లో రెండు రాత్రులు పాత గోళీ వేసుకున్నానని ఆయనే వచ్చి చెప్పాడు. నేను కోప్పడలేదు. అడగకుండానే చెప్పాడు, అది నాకు చాలు. రక్తం తీసి పంపాను, రిపోర్టు ఇంకా రాలేదు. వెంట కొడుకును తెచ్చాడు. ఇరవై ఏళ్ళు, బైక్ మీద ఫుడ్ డెలివరీ. బీపీ 142/92. మూడుసార్లు చూశాను.

అతనికి కొత్త కార్డు తీశాను. 'కారణం' అన్న చోట ఏమీ రాయలేదు. గురువారం రాత్రి వాళ్ళమ్మతో కలిసి రమ్మన్నాను. ముందు అతను రోజుకు ఎన్ని గంటలు బండి మీద ఉంటున్నాడో రాసుకోవాలి.